చేయి ఎప్పుడు తీయాలి

(న్యూరో రిహాబిలిటేషన్, అంటే మెదడు, నరాలు దెబ్బతిన్నవాళ్లు తిరిగి కోలుకునేలా చేసే విద్య, బోధించి ఈమధ్యే పదవీ విరమణ చేసిన ఒక ఫిజియోథెరపీ అధ్యాపకురాలు చివరి సంవత్సరం విద్యార్థులతో, యువ అధ్యాపకులతో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

"మీ వృత్తి జీవితం గురించి చెప్పండి మేడమ్" అని అడిగారు. ఏ సంవత్సరంలో ఏ పదవిలో ఉన్నానో చెబితే మీకు ఒరిగేదేమీ లేదు. మొదట్లో నేను విద్యార్థులకు, పేషెంటు ఒంటి మీద చేయి ఎక్కడ వేయాలో నేర్పేదాన్ని. చివరి సంవత్సరాల్లో, వేసిన చేయి ఎప్పుడు తీయాలో నేర్పాను. ఆ మార్పు రావడానికి నాకు దాదాపు పదిహేనేళ్లు పట్టింది. ఆ పదిహేనేళ్లలో ఏం జరిగిందో చెబుతాను. మీకు అంత కాలం పట్టకూడదని నా ఆశ.

నేను 1980ల చివర్లో చదువుకున్నాను. అప్పట్లో పక్షవాతం వచ్చిన మనిషికి ఫిజియోథెరపీ అంటే ముఖ్యంగా థెరపిస్టు చేతుల పని. పేషెంటును పడుకోబెట్టి, భుజం దగ్గర ఒక చేయి, మణికట్టు దగ్గర ఒక చేయి వేసి, బిగుసుకున్న కండరాలను నెమ్మదిగా వదులు చేసేవాళ్లం. బిగుతు తగ్గితే దాని కింద ఉన్న సహజమైన కదలిక దానంతటదే బయటికొస్తుందని నమ్మేవాళ్లం. పేషెంటు గట్టిగా ప్రయత్నించబోతే ఆపేవాళ్లం. "వద్దండీ, బలం పెట్టకండి, బిగుసుకుపోతుంది" అని ఎన్ని వందల సార్లు చెప్పానో. బిగుసుకున్న కండరానికి బలం కోసం వ్యాయామం ఇవ్వడం మా దృష్టిలో పెద్ద తప్పు. వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఆ మాట అన్నవాడికి మార్కులు పోయేవి.

ఆ పద్ధతిని తక్కువ చేసి మాట్లాడటానికి నేను రాలేదు. దాని వెనక ఉన్న మనిషిని మీరు తెలుసుకోవాలి. బెర్తా బోబాత్ 1907లో బెర్లిన్‌లో పుట్టారు. వ్యాయామ శిక్షణ ఆవిడ మొదటి వృత్తి. నాజీల కాలంలో లండన్ చేరుకున్నారు. 1943లో స్ట్రోక్ వచ్చిన ఒక చిత్రకారుడికి చికిత్స చేస్తూ ఆవిడ ఒక విషయం గమనించారు. ఆయన చేతిలోని బిగుతు ఎప్పుడూ ఒకేలా ఉండటం లేదు. ఒంటిని ఎలా పట్టుకుంటున్నాం, ఏ భంగిమలో ఉంచుతున్నాం అన్నదాన్ని బట్టి అది మారుతోంది. ఆవిడ భర్త కారెల్ బోబాత్ డాక్టరు. ఆవిడ చేతులకు తెలిసినదానికి ఆయన అప్పటి నాడీశాస్త్రంలో వివరణ వెతికారు. అంతకు ముందు ఇలాంటి పేషెంటుకు చేసేది ఏమిటంటే, బాగున్న వైపును బలపరచి దాంతోనే బతుకు నెట్టుకు రమ్మనడం. పడిపోయిన వైపు కూడా నేర్చుకోగలదని పట్టుబట్టిన వాళ్లు ఆ దంపతులు. ఆ పట్టుదల లేకపోతే ఈ గదిలో మనం ఎవరం ఉండేవాళ్లం కాదు.

అయితే వాళ్లకు అందుబాటులో ఉన్న వివరణ ఆనాటిది. మెదడు ఒక నిచ్చెన లాంటిదనీ, పైమెట్టు దెబ్బతింటే కిందిమెట్ల రిఫ్లెక్సులు, అంటే మన ప్రయత్నం లేకుండా వచ్చే కదలికలు, పట్టపగ్గాల్లేకుండా పోతాయనీ, వాటిని అణిచిపెడితే చాలుననీ అనుకునేవారు. నేనూ అదే నేర్చుకున్నాను, అదే నేర్పాను. బొమ్మలు గీసి మరీ నేర్పాను.

నా నమ్మకం కదిలింది ఒక పేషెంటు వల్ల. ఆవిడ బట్టలు కుట్టేవారు. స్ట్రోక్‌తో కుడిచేయి పడిపోయింది. ఆరు వారాల పాటు రోజూ ఆ చేతి మీద పనిచేశాను. నా చేతుల్లో ఉన్నంతసేపూ ఆ చేయి మెత్తబడేది. వేళ్లు కాస్త విచ్చుకునేవి. వదిలేస్తే మళ్లీ పిడికిలే. నా కేస్ షీటులో "టోన్ (కండరాల బిగుతు) తగ్గింది" అని రాసుకుంటూ పోయాను. ఒకరోజు ఏదో మర్చిపోయి మళ్లీ వార్డులోకి వెళ్లాను. ఆవిడ నన్ను చూడలేదు. ఒళ్లో జాకెట్టు పెట్టుకుని ఊడిపోయిన హుక్కు కుట్టుకుంటున్నారు. ఎడమచేత్తో సూది. బట్ట జారిపోకుండా కుడిచేతిని తొడకేసి నొక్కిపెట్టి, బొటనవేలితో అంచును పట్టుకునే ప్రయత్నం చేస్తున్నారు. అంచు జారింది. మళ్లీ పట్టుకున్నారు. మళ్లీ జారింది. మూడోసారి, నాలుగోసారి. నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. నా ఆరు వారాల్లో ఆ బొటనవేలు తనంతట తాను కదలడం నేను ఒక్కసారీ చూడలేదు. కదలమని నేను అడగనూ లేదు.

అప్పుడు నాకు కలిగింది ఆనందం కాదు, భయం. ఎంతమంది చేతులను ఇలా అడగకుండా వదిలేశానో అని భయం వేసింది. మర్నాడు మంచం పక్కన పెట్టి, ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, ముందు బట్ట పెట్టాను. "అమ్మా, నిన్న ఏం చేస్తున్నారో అది నాకు చూపించండి" అన్నాను. ఆవిడ సిగ్గుపడ్డారు. బలం పెట్టొద్దని నేనే కదా చెప్పింది. తప్పు పని చేస్తూ పట్టుబడ్డానని అనుకున్నారు. మన సూచనను అంత నమ్మకంగా పాటించే మనుషులు మన ముందు కూర్చుంటారు. దయచేసి ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

తర్వాత నేను చదవడం మొదలుపెట్టాను. చదివితే తెలిసింది, నాకు వార్డు గుమ్మంలో తగిలినది చాలామందికి అప్పటికే తగిలిందని. ఆస్ట్రేలియాలో జానెట్ కార్, రోబెర్టా షెపర్డ్ అనే ఇద్దరు ఫిజియోథెరపిస్టులు 1980ల నుంచే ఈ మాట చెబుతున్నారు. లేచి నిలబడటం నేర్చుకోవాలంటే లేచి నిలబడటమే సాధన చేయాలి, అందుకోవడం నేర్చుకోవాలంటే అందుకోవడమే సాధన చేయాలి అన్నారు. పేషెంటును చికిత్స పొందే మనిషిగా చూడకుండా, ఒక పని నేర్చుకుంటున్న విద్యార్థిగా చూడమన్నారు. 2000లో నార్వే నుంచి ఒక అధ్యయనం వచ్చింది. 61 మంది స్ట్రోక్ పేషెంట్లలో కొందరికి బోబాత్ పద్ధతి, కొందరికి ఈ నేర్చుకునే పద్ధతి. రెండో గుంపు సగటున 21 రోజుల్లో ఆస్పత్రి నుంచి వెళ్లిపోయింది, మొదటి గుంపుకు 34 రోజులు పట్టింది. కదలికల్లో కూడా రెండో గుంపుదే పైచేయి. చిన్న అధ్యయనమే. కానీ ఆ రెండు అంకెలు చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటికి నేను పదేళ్లుగా పాఠాలు చెబుతున్నాను.

బలం సంగతి కూడా అంతే. స్ట్రోక్ తర్వాత మనిషిని ఎక్కువగా అడ్డుకునేది బిగుతు కంటే బలహీనతేనని తర్వాతి పరిశోధనలు వరసగా చూపించాయి. బలం కోసం చేయించే వ్యాయామం బిగుతును పెంచదనీ తేల్చాయి. వైవాలో నేను మార్కులు తీసేసిన ఆ విద్యార్థి ముఖం నాకింకా గుర్తుంది. తర్వాత ఉత్తరం రాసి క్షమాపణ చెప్పాను.

అంకెలంటే గుర్తొచ్చింది. 2009లో కేథరిన్ లాంగ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు కలిసి చాలా సాదాసీదా పని ఒకటి చేశారు. ఏడు రిహాబ్ కేంద్రాల్లో 312 థెరపీ సెషన్లను పక్కన కూర్చుని చూశారు, పేషెంటు ఏ కదలిక ఎన్నిసార్లు చేశాడో లెక్కపెట్టారు. అంతే. కొత్త యంత్రం లేదు, కొత్త పద్ధతి లేదు. చేతికి సంబంధించిన సెషన్లలో, నిజంగా ఒక పని కోసం చేతిని వాడే సాధన సగం సెషన్లలో మాత్రమే కనిపించింది. కనిపించిన చోట సగటు ఎంతో తెలుసా? 32 సార్లు. నడక సెషన్లో సగటున 357 అడుగులు.

ఈ 32ని దేనితో పోల్చాలి? 1996లో రాండాల్ నూడో బృందం కోతుల మీద చేసిన పరిశోధన మీరు చదివే ఉంటారు. మెదడులో చేతికి సంబంధించిన చోట చిన్న దెబ్బ తగిలిన కోతులకు, చిన్న చిన్న గుంటల్లోంచి ఆహారపు గుళికలు వేళ్లతో తీసుకునే సాధన ఇచ్చారు. సాధన చేసిన కోతుల మెదడులో దెబ్బ చుట్టూ మిగిలిన చేతి ప్రాంతం నిలబడింది. కొన్నింటిలో అంతకు ముందు మోచేతికి, భుజానికి చెందిన చోటులోకి కూడా విస్తరించింది. అంతకు ముందు ప్రయోగాల్లో, సాధన లేని కోతుల్లో మిగిలిన చేతి ప్రాంతం కూడా కుంచించుకుపోయింది. దెబ్బ తినని చోటు, వాడకపోవడం వల్ల పోయిందన్నమాట. ఇలాంటి ప్రయోగాల్లో సాధన రోజుకు వందల్లో ఉంటుంది. మనం ఆ ప్రయోగాల బొమ్మలను స్లైడ్ల మీద చూపించి "మెదడు మారుతుంది" అని పాఠం చెప్పి, పక్క గదిలోకి వెళ్లి 32 సార్లు చేయించి పంపేస్తున్నాం.

లాంగ్ లెక్కలు వచ్చిన ఆ ఏడాది నా విద్యార్థులందరికీ చేతిలో ఇమిడే లెక్కింపు యంత్రాలు ఇచ్చాను, అదే, నొక్కితే ఒక అంకె పెరిగేది. పోస్టింగులో ప్రతి సెషన్‌కీ లెక్క రాయమన్నాను. మొదటి వారం అంకెలు చూసి పిల్లలు బిత్తరపోయారు. ఒక అబ్బాయి లెక్క 11. గంట సెషన్. "మేడమ్, నేను ఒక్క నిమిషం కూడా ఖాళీగా లేను" అన్నాడు. నిజమే, వాడు ఖాళీగా లేడు. పేషెంటే ఖాళీగా ఉన్నాడు. వాడు స్ట్రెచ్ చేశాడు, సర్దాడు, వివరించాడు, చేయి పట్టుకుని తానే కదిలించాడు. రోజు చివర్లో అలసిపోయింది వాడు. ఆ పట్టికను నేను ఇప్పటికీ దాచుకున్నాను.

లెక్కపెట్టడం మొదలయ్యాక గది ఏర్పాటే మారిపోయింది. వస్తువులు ముందే సర్ది ఉంచేవాళ్లం. ఒకటి అయిపోగానే ఇంకొకటి. సెషన్‌కు రెండు వందలు, మూడు వందలు చేయించగలమని తేలింది. పేషెంట్లు అంత చేయలేరని అనుకునే భయం మనదే, వాళ్లది కాదు.

ఇక్కడ నా కథ ఆపేస్తే అందంగా ఉంటుంది, కానీ నిజం కాదు. అదే లాంగ్ బృందం 2016లో ఇంకో అధ్యయనం ప్రచురించింది. స్ట్రోక్ వచ్చి ఆరు నెలలు దాటిన 85 మంది. కొందరికి మొత్తం 3,200 సార్లు, కొందరికి 6,400, కొందరికి 9,600, ఇంకొందరికి మెరుగుదల ఉన్నంతవరకూ. ఎక్కువ చేసినవాళ్లు ఎక్కువ బాగుపడతారని అందరం ఎదురుచూశాం. అలా జరగలేదు. అందరిలోనూ కొద్దిపాటి మెరుగుదలే, మోతాదుతో దానికి సంబంధం కనిపించలేదు. ఒక ఆలోచనను ముందుకు తెచ్చిన మనిషే దాన్ని పరీక్షకు పెట్టి, అనుకున్నది రాకపోతే రాలేదని ప్రచురించడం చూశాక, ఆమె మీద నాకున్న గౌరవం రెట్టింపయింది.

మరి నా లెక్కింపు యంత్రాల సంగతి? వాటిని పక్కన పెట్టలేదు. 11 అనే అంకె తప్పే, ఇప్పటికీ తప్పే. కానీ విద్యార్థులను ఇంకో ప్రశ్న అడగడం మొదలుపెట్టాను. "మూడు వందల సార్లు ఏం చేశాడు?" అని. అదే గ్లాసు, అదే ఎత్తు, అదే చోటు, మూడు వందల సార్లూ సులువుగా పట్టుకున్నాడంటే, ఆ మనిషి ఏం నేర్చుకున్నట్టు?

దీనికి నాకు దొరికిన మంచి జవాబు చాలా పాతది. 1920లలో మాస్కోలో నికోలాయ్ బెర్న్‌స్టీన్ అనే శాస్త్రవేత్త, ఉలి మీద సుత్తితో కొట్టే పనివాళ్ల ఒంటికి చిన్న దీపాలు అమర్చి ఫొటోలు తీశాడు. చేయి తిరిగిన పనివాళ్లు వాళ్లు. జీవితమంతా అదే దెబ్బ కొట్టినవాళ్లు. సుత్తి ప్రతిసారీ దాదాపు ఒకే చోట పడుతోంది. కానీ భుజం, మోచేయి, మణికట్టు ఏ రెండు దెబ్బల్లోనూ ఒకే దారిన కదలడం లేదు. అంటే వాళ్ల ఒళ్లు ఒక కదలికను బట్టీపట్టలేదు. ప్రతి దెబ్బలోనూ ఆ లెక్కను మళ్లీ కొత్తగా చేస్తోంది. సాధన అంటే జవాబును తిరిగి తిరిగి చెప్పడం కాదనీ, జవాబు కనుక్కునే పనిని తిరిగి తిరిగి చేయడమనీ బెర్న్‌స్టీన్ వివరించాడు.

బట్ట కుట్టుకుంటున్న ఆవిడ దగ్గర నేను చూసింది ఇదే. జారిన ప్రతిసారీ ఆవిడ ఇంకోలా పట్టుకున్నారు. ఆ జారడాన్ని నేను ఆపి ఉంటే, నా వేలు అడ్డం పెట్టి ఉంటే, ఆ లెక్క నేను చేసినట్టయ్యేది.

కాబట్టి చేయి తీయడం అంటే పేషెంటును గాలికి వదిలేయడం అనుకోకండి. అది చాలా కష్టమైన నైపుణ్యం. పది ప్రయత్నాల్లో ఆరేడు ఫలించి, మూడు నాలుగు తప్పేలా పనిని అమర్చాలని నా విద్యార్థులకు చెబుతాను. ఇది నా అనుభవం నుంచి వచ్చిన కొలత. పదికి పది వస్తుంటే పని కష్టం చేయండి. పదికి రెండే వస్తుంటే తేలిక చేయండి. కుర్చీ ఎత్తు పెంచండి, వస్తువు దగ్గరికి జరపండి, బరువు తగ్గించండి. చేయి వేయడం వీటన్నిటి తర్వాత. పడిపోయే ప్రమాదం ఉన్నచోట మాత్రం మీ చేయి సిద్ధంగా, ఒక జానెడు దూరంలో ఉండాలి. తగలకుండా, కానీ అందేలా. ఆ జానెడు దూరం నేర్పడానికి నాకు ఏ ఇతర పాఠానికీ పట్టనంత సమయం పట్టింది.

మాట విషయంలోనూ అంతే. 1990లో కరోలీ విన్‌స్టీన్, రిచర్డ్ ష్మిట్ ఆరోగ్యవంతులైన యువకులకు చేతి కదలిక ఒకటి నేర్పారు. కొందరికి ప్రతి ప్రయత్నం తర్వాతా ఫలితం చెప్పారు. కొందరికి సగం ప్రయత్నాల తర్వాతే చెప్పారు. సాధన చేస్తున్నప్పుడు రెండు గుంపులకూ పెద్ద తేడా లేదు. తర్వాత ఏమీ చెప్పకుండా పరీక్షిస్తే, సగం సార్లే విన్నవాళ్లు బాగా చేశారు. విన్‌స్టీన్ స్వయంగా ఫిజియోథెరపిస్టు. మనం ఏం చేస్తాం? "బాగుంది, ఇంకొంచెం, అలా కాదు, ఆఁ ఇప్పుడు బాగుంది, మోచేయి చాపండి, భుజం దించండి." పేషెంటు తన ఒంటి మాట తాను వినే సందు ఇవ్వం. మౌనంగా ఉండటం అంటే విద్యార్థులకు మహా టెన్షన్. పక్కన పేషెంటు బంధువులుంటే మరీను. ఏమీ చేయడం లేదనుకుంటారేమోనని భయం. నేనేమంటానంటే, ముందే వాళ్లకు చెప్పండి, "నేను ఇప్పుడు కాసేపు మాట్లాడను, ఆయనకు ఆలోచించుకునే సమయం ఇస్తున్నాను" అని. అర్థం చేసుకుంటారు. ఎప్పుడూ అర్థం చేసుకున్నారు.

ఇంకో సంగతి చెప్పాలి. ఎక్కువైతే మంచిదే అనే ఊపులో మన రంగం ఒకసారి ఎదురుదెబ్బ తింది. అవర్ట్ అనే పెద్ద అధ్యయనం 2015లో వచ్చింది. అయిదు దేశాలు, 56 ఆస్పత్రులు, 2,104 మంది పేషెంట్లు. స్ట్రోక్ వచ్చిన 24 గంటల్లోపే మంచం దింపి, మామూలు కంటే ఎక్కువసార్లు, ఎక్కువసేపు లేపి నిలబెడితే మేలని ఆశించారు. మూడు నెలల తర్వాత చూస్తే, మంచి ఫలితం వచ్చినవాళ్లు ఆ గుంపులో 46 శాతం, మామూలు పద్ధతిలో 50 శాతం. తొలి ఇరవైనాలుగు గంటల్లో అతిగా లేపడం మంచిది కాదని అప్పటి నుంచి జాగ్రత్తపడుతున్నాం. ఉత్సాహం ఉన్న విద్యార్థికి ఈ పాఠం చెప్పడం కష్టం, కానీ చెప్పి తీరాలి.

వాడకం గురించి ఎడ్వర్డ్ టాబ్ చేసిన పని మీ సిలబస్‌లో ఉంది కాబట్టి వేగంగా దాటేస్తాను. బాగున్న చేతికి తొడుగు వేసి, రెండు వారాల పాటు బలహీనమైన చేతితోనే పని చేయించే పద్ధతి. 2006లో వచ్చిన ఎక్సైట్ అధ్యయనంలో, స్ట్రోక్ వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన 222 మందిలో అది మామూలు చికిత్స కంటే బాగా పనిచేసింది. మీరు మర్చిపోయే భాగం ఒకటుంది, అది చెబుతాను. ఆ అధ్యయనంలో చేరాలంటే మణికట్టును, వేళ్లను కొంతైనా పైకి ఎత్తగలగాలి. వేళ్లు ఏమాత్రం కదలనివాళ్లను అందులో చేర్చుకోలేదు. అలాంటి పేషెంటుకు తొడుగు వేసి "రెండు వారాల్లో వచ్చేస్తుంది" అని చెప్పే హక్కు మనకు లేదు.

ఈ హక్కు గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే నా వృత్తిలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. నెదర్లాండ్స్‌లో 188 మంది పేషెంట్లను స్ట్రోక్ వచ్చిన తొలి మూడు రోజుల్లోనే పరీక్షించారు. రెండే ప్రశ్నలు: వేళ్లు కొంచెమైనా చాపగలరా? భుజాన్ని పక్కకు కొంచెమైనా ఎత్తగలరా? రెండూ చేయగలిగినవాళ్లకు ఆరు నెలల్లో చేతిలో ఎంతో కొంత నేర్పు తిరిగి వచ్చే అవకాశం 98 శాతం. రెండూ చేయలేనివాళ్లకు 25 శాతం. రెండు నిమిషాల పరీక్ష. ఖర్చు లేదు. ఇది తెలిశాక మంచం పక్కన కూర్చుని ఏం చెప్పాలి?

నేను వృత్తిలో చిన్నదాన్నిగా ఉన్నప్పుడు, నేను పనిచేసిన ఒక చోట, అందరికీ ఒకే మాట చెప్పేవాళ్లం: "ప్రాక్టీస్ చేయండి, వస్తుంది." ఒకాయన రెండేళ్లు ప్రాక్టీస్ చేశారు. రాలేదు. చివరికి నన్ను అడిగారు, "నేను సరిగ్గా చేయలేదా అమ్మా?" అని. ఆయన సరిగ్గానే చేశారు. మేము చెప్పకపోవడం వల్ల, రాకపోవడం తన తప్పని ఆయన రెండేళ్లు మోశారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పుడైతే నేను ఇలా చెబుతాను: "ఈ చేతిలో పట్టు వచ్చే అవకాశం తక్కువ. నడక, బ్యాలెన్స్, ఒంటిచేత్తో పనులు, ఇవి మెరుగవుతాయి, వాటి మీద గట్టిగా పనిచేద్దాం. చేతిని నొప్పి లేకుండా, బిగుసుకుపోకుండా కాపాడుకుందాం. మార్పు కనిపిస్తే ప్లాన్ మార్చుకుందాం." ఈ నాలుగు వాక్యాలు చెప్పడం మీ పరీక్షల్లో ఉండదు. నేను మాత్రం నా విద్యార్థులతో ఒకరి ముందు ఒకరిని కూర్చోబెట్టి చెప్పించేదాన్ని. చాలామంది మూడో వాక్యం దగ్గర ఏడ్చేవాళ్లు. ఏడవనిచ్చి, మళ్లీ మొదటి నుంచి చెప్పించేదాన్ని.

ఆఖరి బెంచీలో చేయెత్తారు, అడగండమ్మా.

(ఒక విద్యార్థిని: "మేడమ్, చేయి తీయాలంటున్నారు. కానీ మేం చేయి వేయడమే సరిగ్గా నేర్చుకోలేదు కదా. అది అక్కర్లేదా?")

చాలా అవసరం. మంచి ప్రశ్న. చేయి వేయడం తెలియనివాళ్లకు తీయడం కూడా తెలియదు. పడిపోయిన చేతిని పట్టుకుని లాగి పేషెంటును మంచంలోంచి లేపడం నేను కళ్లారా చూశాను, శిక్షణ పొందినవాళ్లే చేశారు. భుజం కీలు చుట్టూ కండరాలు పట్టు కోల్పోయి ఉంటాయి. ఒక్క లాగుడుతో నెలల తరబడి నొప్పి మొదలవుతుంది, ఆ నొప్పితో ఆ మనిషి ఏ సాధనా చేయలేడు. కాబట్టి చంకలో చేయి వేసి ఎత్తకూడదు, మణికట్టు పట్టి లాగకూడదు. భుజపు రెక్క కిందా, నడుము దగ్గరా ఆసరా ఇవ్వాలి. ఇంటివాళ్లకూ అదే నేర్పాలి. తెలియని చేతుల కంటే తెలిసిన చేతులు నయం, ఎప్పుడూ. నేను చెప్పేది ఆ తర్వాతి మెట్టు గురించి.

మాటల్లో చెబితే చాలదు. ఆ చేతుల్లేని కుర్చీ ఒకటి ఇటు తెండి. మీరే రండమ్మా, ప్రశ్న అడిగినవాళ్లే రండి. కూర్చోండి. ఇప్పుడు రెండు పాదాలూ ముందుకు చాపి పెట్టండి, మోకాళ్ల కంటే ఒక అడుగు ముందుకు. చేతులు కట్టుకోండి. ఆఁ, లేవండి.

లేవలేకపోతున్నారు కదా. మీకు స్ట్రోక్ లేదు, కండరాల్లో బలం ఉంది, అయినా లేవలేరు. వార్డులో ఇలా కూర్చున్న పేషెంటును ఇద్దరు విద్యార్థులు చెరో వైపు పట్టి ఎత్తడం నేను ప్రతి ఏడాదీ చూశాను. కాళ్లలో బలం లేదని షీటులో రాసేవాళ్లు.

ఎవరూ ఆమెను పట్టుకోకండి. పాదాలు వెనక్కి జరపండి అని కూడా చెప్పకండి. నేనూ చెప్పను. అమ్మా, మీరు తొందరపడకండి. ఎలా కావాలంటే అలా ప్రయత్నించండి, ఎన్నిసార్లయినా. మిగతావాళ్లు ఆమె పాదాలు చూడండి. ఎన్నో ప్రయత్నంలో అవి వెనక్కి కదిలాయో లెక్కపెట్టండి.